గట్టయ్య నోట్లో గుడ్డ

"మళ్ళీ ఒకసారి చెప్పు గట్టయ్యా. గుడ్డ ఎక్కడ ఉంది?" అడిగాడు ఇమ్మానుయేలు.

"నోట్లనే సారూ. గొంతుదాంక కుక్కిండు. రాతిరంత ముక్కుతోటే ఊపిరి తీసిన."

"ఇన్నవా!" ఇన్‌స్పెక్టర్ బుచ్చిరాములు లాఠీతో లాబొరేటరీ బల్ల మీద తట్టాడు. "ఈయనేమో నోట్లంటడు. పొద్దుగాల తలుపు తీసిన శ్రీనివాసరావు సారేమో, మెడకు వేలాడుతుండె, పొడి గుడ్డ అంటడు. నోరు ఖాళీగున్న మనిషి రాతిరంత ఎందుకు ఒర్లలె? కట్లు కట్టుకున్నది ఈయనే, లెన్సు మాయం చేసింది ఈయనే. ఇగ నువ్వు ఇంటికి పో ఇమ్మానుయేలూ."

డిటెక్టివ్ ఇమ్మానుయేలు ఇంటికి పోవడానికి రాలేదు. తెల్లవారగానే లాలాపేట్ నుంచి గట్టయ్య భార్య లింగమ్మ పరుగున వచ్చి తార్నాకలో వాళ్ళింటి తలుపు తట్టింది. "బిడ్డా, నా పెనిమిటిని ఠాణాకు తోలుకపోతరట" అని ఏడ్చింది. ఇమ్మానుయేలు భార్య ఎస్తేరు అప్పుడే కాఫీ కలుపుతోంది. గ్లాసు ఆయన చేతిలోంచి వెనక్కి తీసుకుని, "కాఫీ ఎక్కడికీ పోదు. ముందు మీరు వెళ్ళండి" అంది. అదే ఆయనకు అప్పగించిన కేసు.

ఎస్తేరు ఎమ్మెస్సీ చదివింది ఈ విశ్వవిద్యాలయంలోనే, ఈ జంతుశాస్త్ర విభాగంలోనే. కణజాలాన్ని పల్చగా కోసే కత్తికి ఒకనాడు ఆమె వేలు తెగితే, అటెండర్ గట్టయ్య తన తలపాగా చింపి కట్టు కట్టి, సైకిలు మీద కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్ళాడు. గుంటూరులో ఉన్న కన్నతండ్రికి ఆ సంగతి వారం తర్వాత ఉత్తరంలో తెలిసింది. అప్పటినుంచి ఆమెకు ఆయన గట్టయ్య బాబాయి, ఆయనకు ఆమె బిడ్డ. పెళ్ళయ్యాక ఇమ్మానుయేలు 'అల్లుడు సారు' అయ్యాడు.

బుచ్చిరాములూ పరాయివాడేమీ కాదు. ఇద్దరూ ఒకే రోజు పోలీసు ఉద్యోగంలో చేరారు. ఇమ్మానుయేలు మధ్యలో మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టాడు. ఆ మానేయడాన్ని బుచ్చిరాములు ఇప్పటికీ క్షమించలేదు.

"లెన్సు పోయిన మైక్రోస్కోపు ఏదీ?" అడిగాడు ఇమ్మానుయేలు.

కిటికీ పక్కన, నల్ల గుడ్డ తొడుగు కింద ఉంది. పోయిన ఏడాది, అరవై ఏడులో, ప్రొఫెసర్ అచ్యుతరామయ్య జర్మనీ నుంచి తెచ్చిన యంత్రం. దానికి మూడు లెన్సులు. మూడోది అన్నిటికన్నా శక్తిగలది. స్లైడు మీద నూనె చుక్క వేసి, లెన్సు ఆ నూనెకు తగిలేటంత దగ్గరగా దించి చూడాలి. పోయింది అదొక్కటే. ప్రొఫెసర్ మద్రాసు వెళ్ళారు, రేపు తిరిగొస్తారు.

ఇమ్మానుయేలు తొడుగు తీసి వంగాడు. అమ్ముకునే దొంగయితే మొత్తం యంత్రాన్నే ఎత్తుకుపోతాడు. వీడెవడో ఒక్క లెన్సునే, మర తిప్పి, గీత పడకుండా విప్పుకున్నాడు. స్లైడు పెట్టే గద్దె మీద నూనె మెరుస్తోంది. వేలి కొసతో తాకాడు. ఏదో గరుకుగా గుచ్చుకుంది. వేలు వెలుతురులోకి ఎత్తి చూస్తే, నూనెలో సన్నని గాజు పొడి.

రుమాలుతో వేలు తుడుచుకున్నాడు.

డిమాన్‌స్ట్రేటర్ శ్రీనివాసరావు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళ కుర్రాడు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"శ్రీనివాసరావుగారూ, మీరు తలుపు తీసేసరికి గట్టయ్య ఎలా ఉన్నాడు?"

"సింకు బల్ల కాలికి కట్టేసి ఉన్నాడండి."

"చేతులు?"

"బల్ల కాలికి అవతల, వెనక్కి."

"గుడ్డ?"

"మెడ చుట్టూ ఉంది. ముడి వదులుగా ఉంది."

"తడిగా ఉందా?"

"లేదండి, పొడిగానే ఉంది. నేనే తీసి కిటికీ కింద ఎండలో పడేశాను. తర్వాతే వాచ్‌మన్‌ను పిలిచాను."

"ఈ మైక్రోస్కోపు మీద నిన్న ఎవరు పనిచేశారు?"

"ఎవరూ చేయలేదండి. ప్రొఫెసర్‌గారు ఊరెళ్ళాక దాని మీద తొడుగు కూడా తీయలేదు."

ఇమ్మానుయేలు తల ఊపి గట్టయ్య వైపు తిరిగాడు. ముసలాయన నేల మీద కూలబడి ఉన్నాడు. మణికట్ల మీద తాడు ఒరిపిడికి చర్మం లేచి ఎర్రబడింది.

"నిన్న సంజెకు కరెంటు పోయింది సారూ. కిటికీలు ఏస్తున్న. ఎనకనుంచి నెత్తిమీద సంచి కప్పిండు. నోరు తెరిస్తె గుడ్డ కుక్కిండు. కొత్త డస్టరే, నేనే గప్పుడే స్టోర్ల నుంచి తెచ్చి మేజమీద పెట్టిన."

"మనిషెవరో తెలిసిందా?"

గట్టయ్య ఒక్క క్షణం తటపటాయించాడు. "చీకట్ల ఏం తెలుస్తది?" అని తల దించుకున్నాడు.

ఇమ్మానుయేలు బుచ్చిరాములును కిటికీ దగ్గరకు పిలిచాడు. "ఆ గుడ్డ నాకు మధ్యాహ్నం దాకా ఇవ్వు."

"సీలు చేసిన మాలు. నీకెట్ల ఇస్త? రేపు కోర్టుల జడ్జి అడిగితె, దోస్తుకు ఇచ్చిన అని చెప్పాల్నా?"

"ఇవ్వొద్దు. నువ్వే పట్టుకుని మా ఇంటికి రా. నీ కళ్ళ ముందే ఎస్తేరు దాన్ని చూస్తుంది. అది నోట్లో ఉందో లేదో తేలిపోతుంది."

"గుడ్డ చూసి చెప్తదా? మీ గుంటూరోళ్ళు మాటలతోనే కోటలు కడ్తరు."

"నువ్వు చెప్పింది నిజమైతే గట్టయ్యను నేనే జీపెక్కిస్తాను."

బుచ్చిరాములు మీసం నిమిరాడు. "వదినె వంటేం జేసింది?"

"చేపల పులుసు."

"పా" అన్నాడు బుచ్చిరాములు.

*

భోజనాల బల్ల మీద పాత ఇత్తడి మైక్రోస్కోపు సిద్ధంగా ఉంది. పెళ్ళికి గాజులు చేయిస్తానని తండ్రి అంటే, ఎస్తేరు బదులుగా అడిగి తెచ్చుకున్నది. ఆమె ఇప్పుడు ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెబుతోంది. సెలవు రోజు కావడంతో ఇంట్లోనే ఉంది.

గుడ్డను పట్టకారుతో పట్టుకుని, నలిగి ముడతలు గట్టిపడిన మధ్యభాగంలోంచి చిన్న ముక్క కత్తిరించింది. ఉప్పునీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ నీటిని సన్నని గాజు గొట్టంలో నిలబెట్టింది.

"మడ్డి అడుగుకు దిగాలి. ఈలోగా అన్నగారూ, మీరు నోరు తెరవండి."

"నేనా?" బుచ్చిరాములు కుర్చీలో వెనక్కి జరిగాడు. "నేనెందుకు?"

"పోల్చి చూడ్డానికి ఒక నోరు కావాలి. మావారిది ఒక్క నిమిషం కదలకుండా ఉండదు."

ఇమ్మానుయేలు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. ఊళ్ళో రౌడీలను గడగడలాడించే ఇన్‌స్పెక్టర్, టోపీ ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లవాడిలా నోరు తెరిచాడు. ఎస్తేరు పుల్ల కొసతో లోపలి చెంపను నెమ్మదిగా గీకి, స్లైడు మీద పూసి, నీలి రంగు చుక్క వేసింది.

"ఇప్పుడు చూడండి."

బుచ్చిరాములు ఒక కన్ను మూసి వంగాడు. చాలాసేపు లేవలేదు.

"బండలు పరిచినట్టున్నది వదినె. ఒక్కోదాంట్ల ఒక్కో నీలి చుక్క."

"బండలన్నీ కణాలు. చుక్క కేంద్రకం."

"గివి నాయేనా?"

"మీవే."

"నొప్పే లేకపాయె!"

"ఎందుకుంటుంది? అవి ఎలాగూ రాలిపోయేవే. అన్నం ముద్ద రుద్దుకుంటుంది, నాలుక రుద్దుకుంటుంది. పై పొర అరిగిపోతుంటే కింద కొత్తవి పుట్టి పైకి వస్తుంటాయి. ఒంట్లో గాలికో, నీటికో, అన్నానికో తగిలే ప్రతి చోటా ఇలాంటి పొర ఒకటి పరిచి ఉంటుంది. మేం ఉపకళ అంటాం. ఎక్కడ ఏ పని ఉందో అక్కడ దాని ఆకారం అలా ఉంటుంది. చూశాక మీరు ఎన్ని ప్రశ్నలైనా వేయండి."

గాజు గొట్టం అడుగున తెల్లని మడ్డి చేరింది. ఎస్తేరు దాన్ని స్లైడు మీదకు తీసి, రంగు వేసి, తను ముందు చూసింది. తర్వాత కుర్చీ ఖాళీ చేసింది. ఇమ్మానుయేలు చూశాడు. నూలు పోగుల మధ్య గుంపులు గుంపులుగా బల్లపరుపు కణాలు, నీలి చుక్కలు.

"పొడి గుడ్డ అట," అన్నాడు నెమ్మదిగా.

బుచ్చిరాములు కూడా చూశాడు. కానీ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "మెడకు కట్టుకున్నప్పుడు చెమటకు తోలు అంటదా? గవి తోలువే ఎందుకు కావద్దు?"

"మంచి ప్రశ్న. చెయ్యి ఇటివ్వండి." ఎస్తేరు ఆయన ముంజేయి గీకి ఇంకో స్లైడు చేసింది. "చూడండి. ఇవీ చదునైనవే. చుక్క ఉందా?"

బుచ్చిరాములు కన్ను చికిలించాడు. "లేదు. ఉత్త పొట్టున్నట్టున్నది."

"చర్మం ఎండను, దుమ్మును కాసుకోవాలి. అందుకే పై కణాలు గట్టిపడి, కేంద్రకం పోగొట్టుకుని, చచ్చి, పెంకుల్లా పేరుకుంటాయి. నోరు ఎప్పుడూ తడి. అక్కడ ఆ అవసరం లేదు. రాలిపోయే దాకా చుక్క ఉంటుంది."

"సరే, తుమ్మిండనుకో. ముక్కుల నుంచి పడ్డయనుకో."

"ముక్కులో, ఊపిరి గొట్టంలో కణాలు ఇలా పడుకుని ఉండవు, నిలబడి ఉంటాయి. నెత్తిన సన్నని వెంట్రుకలు. ఆ వెంట్రుకలు కదిలి దుమ్మునూ చీమిడినీ బయటికి ఊడుస్తాయి. ఇందులో అలాంటిది ఒక్కటీ కనబడలేదు."

"వాంతి?"

"కడుపులోవీ పేగులవీ పొడుగ్గా స్తంభాల్లా ఉంటాయి. జీర్ణరసాలు ఊరడానికి, అన్నంలో సారం పీల్చుకోవడానికి. ఇంకా అడగండి. మూత్రపిండంలోవి నలుచదరం, ఊపిరితిత్తుల్లోవి గాలి దాటిపోయేటంత పల్చన, మూత్రాశయంలోవి నిండినప్పుడు సాగి, ఖాళీ అయితే దగ్గరకొస్తాయి. వాటిలో ఏదీ ఈ గుడ్డలోకి రాలేదు. మిగిలింది నోరు."

"గట్టయ్య నోరే అని రాసుందా?"

ఎస్తేరు నవ్వింది. "లేదు. ఎవరివో చెప్పవు. ఎక్కడివో చెబుతాయి."

"అయితె ఆయనే కుక్కుకున్నడు!" బుచ్చిరాములు బల్ల మీద చరిచాడు. నీళ్ళ గ్లాసు ఒలికింది.

"కుక్కుకున్నాడే అనుకో," అన్నాడు ఇమ్మానుయేలు గ్లాసు నిలబెడుతూ. "చేతులు బల్ల కాలికి వెనక్కి కట్టి ఉన్నాయి. నోట్లోది తీసి తనే మెడకు కట్టుకున్నాడా? పోనీ, అదీ జరిగిందనుకో. రాత్రంతా నోట్లో నానిన గుడ్డను పట్టుకుని, నోరు ఖాళీగా ఉంది, గుడ్డ పొడిగా ఉంది అని శ్రీనివాసరావు ఎలా చెప్పాడు? దాన్ని చేత్తో తీసింది అతనే కదా?"

బుచ్చిరాములు చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది.

"పులుసు మల్లొచ్చినంక తింట," అని లేచాడు.

*

శ్రీనివాసరావు లాబొరేటరీలోనే ఉన్నాడు. గట్టయ్య పక్కన లింగమ్మ కూర్చుని ఆయన మణికట్టుకు కొబ్బరినూనె రాస్తోంది.

"గుడ్డ నోట్లోనే ఉందండి," అన్నాడు ఇమ్మానుయేలు మామూలుగా.

"అలాగా... ఉండొచ్చు. కంగారులో నాకు సరిగ్గా గుర్తులేదు."

"పొద్దున గుర్తుంది. ముడి వదులుగా ఉందని కూడా గుర్తుంది."

శ్రీనివాసరావు పెదాలు తడుపుకున్నాడు.

"మైక్రోస్కోపు తొడుగు తీయలేదన్నారు. గద్దె మీద నూనె ఉంది. ప్రొఫెసర్‌గారు వాడాక నూనె తుడవకుండా వెళ్ళే మనిషేనా?"

"కాదండి..."

"నూనెలో గాజు పొడి కూడా ఉంది. లెన్సును దించాల్సిన దానికన్నా కిందికి దించితే స్లైడు పగులుతుంది. స్లైడుతో పాటు లెన్సూ పగులుతుంది. పగిలిన లెన్సును ఏ దొంగా ఎత్తుకుపోడు. పగలగొట్టినవాడే దాన్ని మాయం చేయాలి."

కుర్రాడు స్టూలు మీద కూలబడ్డాడు. చొక్కా జేబులోంచి రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు. లోపల లెన్సు. దాని కంటి మీద అడ్డంగా పగులు.

"ఇది నా మూడో కన్ను అనేవారు ప్రొఫెసర్‌గారు. ముట్టుకోవద్దన్నారు. నేను చూడాలనుకున్నాను, అంతే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. దొంగతనం అయిందంటే ఎవరూ నన్ను అడగరనుకున్నాను. కరెంటు పోగానే... అరుస్తాడని గుడ్డ కుక్కాను. తర్వాత చచ్చిపోతాడేమోనని భయమేసింది. రాత్రంతా ఈ కిటికీ కిందే కూర్చున్నాను. మూలుగు వినబడుతుంటే, బతికే ఉన్నాడు అనుకునేవాణ్ణి. పొద్దున నన్ను గుర్తుపట్టాడేమోనని భయపడి, నేరం ఆయన మీదికే పోయేలా గుడ్డ గురించి అబద్ధం చెప్పాను."

"బతికున్నోణ్ణి జైలుకు తోలుదామనుకున్నవా?" బుచ్చిరాములు చెయ్యి ఎత్తాడు.

"కొట్టకు సారూ!" గట్టయ్య గబుక్కున లేచి అడ్డం వచ్చాడు. "పిల్లగాడు. చేతులు వణుకుతుండె, రాతిరే తెలిసింది నాకు గీయనే అని."

ఇమ్మానుయేలు విస్తుపోయాడు. "తెలిసీ చెప్పలేదా?"

"చెప్తె నౌకరి పోతది. తల్లొక్కతే ఉన్నది గాయనకు. నాకేంది, ముసలోణ్ణి."

శ్రీనివాసరావు రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. బుచ్చిరాములు ఎత్తిన చెయ్యి దించి, టోపీ సరిచేసుకుని, "నడువ్" అన్నాడు. గొంతులో పొద్దుటి గరుకు లేదు.

*

సాయంత్రానికి తార్నాక ఇంటి వరండా సందడిగా ఉంది. లింగమ్మ ఎస్తేరు కోసం జొన్నరొట్టెలు చేసి తెచ్చింది. బుచ్చిరాములు పులుసు బాకీ తీర్చుకుని గేటు దగ్గర జీపుకు ఆనుకుని చాయ్ తాగుతున్నాడు. గట్టయ్య మెట్టు మీద కూర్చుని ఆయనతోనే పరాచికాలాడుతున్నాడు. ఎస్తేరు మాత్రం బయటికి రాలేదు.

ఇమ్మానుయేలు లోపలికి వెళ్ళాడు. ఆమె ఇంకా మైక్రోస్కోపు ముందే ఉంది. ఆమె పక్కన నాలుగైదు కొత్త స్లైడ్లు.

"కేసు అయిపోయింది. ఇంకా ఏం చూస్తున్నావు? అందరూ నీకోసమే కూర్చున్నారు."

"ఇది బుచ్చిరాములుగారిది. చూడండి."

చూశాడు. వెడల్పాటి కణాలు, మధ్యలో చిన్న చుక్కలు.

స్లైడు మార్చింది. "ఇది గుడ్డలోది. కుడి పక్కకు చూడండి."

చాలావరకు అలాంటివే. కానీ ఒక మూల ఒక గుంపు వేరుగా ఉంది. కణాలు చిన్నవి. చుక్కలు మాత్రం ఉబ్బి కణమంతా నిండిపోయాయి, సిరా ఒలికినంత నలుపు. ఏ రెండూ ఒక్కలా లేవు.

"రంగు ఎక్కువ పట్టిందేమో ఎస్తేరూ."

"నేనూ అలాగే ఆశపడ్డాను. మళ్ళీ పిండి కొత్తది వేశాను. ఇంకొకటి వేశాను. అన్నిటిలోనూ ఉన్నాయి." ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "మధ్యాహ్నం నేను చుక్క ఉందా లేదా అనే చూశానండీ. ఎలా ఉందని చూడలేదు. కొత్త కణాలు ఒక పద్ధతిలో పుట్టాలి, ఒక పద్ధతిలో పైకి రావాలి. ఇవి ఆ పద్ధతి మరిచిపోయాయి. నేను డాక్టర్ని కాను. ముక్క తీసి పరీక్ష చేస్తేగాని క్యాన్సరో కాదో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ ఒక్క రోజు కూడా ఆగకూడదు."

బయట గట్టయ్య ఏదో అన్నాడు. బుచ్చిరాములు పకపకా నవ్వాడు.

ఎన్నో ఇళ్ళల్లో ఎన్నో దుర్వార్తలు చెప్పిన మనిషి ఇమ్మానుయేలు. ఈసారి మాత్రం గుమ్మం దగ్గరే ఆగాడు. ఎస్తేరే ముందు నడిచింది. మెట్టు మీద గట్టయ్య పక్కన కూర్చుంది.

"బాబాయ్, ఒకసారి నోరు తెరువు."

"పొద్దంత అందరు నా నోటిమీదనే పడ్డరు గద బిడ్డా!" అని నవ్వుతూనే తెరిచాడు.

బుచ్చిరాములు జీపులోంచి టార్చి తెచ్చి పట్టాడు. ఎడమ చెంప లోపల రూపాయి బిళ్ళంత తెల్లని మచ్చ. మధ్యలో ఎర్రగా పగిలి ఉంది.

"ఇది ఎప్పటినుంచి?"

"బోనాలప్పటి సంది. జర్దా పెట్టుకునే తావు. నొప్పి లేదు, గందుకే ఎవలకు చెప్పలె."

"నాకు గూడ చెప్పలె!" లింగమ్మ రొట్టెల గిన్నెతోనే ముందుకొచ్చింది. "ఏంది బిడ్డా గది?"

ఎస్తేరు ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని కింద పెట్టింది. "మంచి పుండు కాదేమోనని నా భయం, పిన్నీ. ఇంకా చిన్నగానే ఉంది. ఇవాళే చూపిద్దాం. ఇవాళే."

గట్టయ్య నవ్వు మెల్లగా ఆరిపోయింది. లాకప్పులో వేస్తామన్నప్పుడు బెదరని మనిషి, భార్య కొంగు అంచు పట్టుకున్నాడు.

బుచ్చిరాములు సగం తాగిన చాయ్ గ్లాసు గోడ మీద పెట్టేశాడు. "పెద్ద దవాఖానల డాక్టర్ నాకెరుకే. ఎక్కున్రి, జల్ది ఎక్కున్రి" అంటూ ముందుకు పరుగెత్తి, జీపు వెనక తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు.

ఎస్తేరు స్లైడ్లను రుమాల్లో చుట్టుకుని గట్టయ్య పక్కన కూర్చుంది. అవతలి పక్క లింగమ్మ. ఇమ్మానుయేలు ముందు సీట్లోకి ఎక్కాడు. జీపు గేటు దాటాక, వెనక నుంచి ముసలాయన గొంతు వినబడింది.

"బిడ్డా, గా పిల్లగాడు గుడ్డ కుక్కకపోతె, గిది ఎవలకు ఎరుకయితుండె?"

బుచ్చిరాములు హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా బండిని సికింద్రాబాద్ రోడ్డెక్కించాడు.